పచ్చిగా రాలి దారిలో మాగే అండం

'చిత్తకార్తె కుక్కలు' అన్న మాట మన నోట్లో తిట్టుగానే మిగిలింది. పిల్లవాడెవరైనా తరగతిలో ఆ మాట అంటే కళ్లెర్రజేస్తాం. కానీ తిట్టు కాకముందు అదొక పరిశీలన. చిత్తకార్తె అంటే సూర్యుడు చిత్తా నక్షత్రంలో ఉండే రోజులు, సుమారుగా అక్టోబర్ 10 నుంచి 23 వరకు. వానలు తగ్గుముఖం పట్టే ఆ రోజుల్లో ఊరకుక్కలు గుంపులు కట్టి తిరగడం రైతులు చూశారు. చూసి, విత్తనాలకూ కోతలకూ కార్తె చెప్పినట్టే దీనికీ ఒక కార్తె చెప్పారు. జైపూర్‌లోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ వీధికుక్కలను ఏళ్ల తరబడి గమనించినవాళ్లు కూడా దాదాపు ఇదే మాట అన్నారు. మన దేశపు వీధికుక్కలు ఎక్కువగా ఎదకు వచ్చేది వానాకాలం చివర, చలి మొదలయ్యే వేళ. ఇళ్లలో పెంచే జాతికుక్కలకు ఈ లెక్క అంత గట్టిగా ఉండదు. అవి ఆరేడు నెలలకొకసారి ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు.

కార్తె సంగతి అలా ఉంచి, ఎదకు వచ్చిన ఆ కుక్క కడుపులో ఏం జరుగుతుందో చూద్దాం. ప్రత్యుత్పత్తి పాఠం చెప్పే ప్రతి సైన్సు టీచరూ తెలుసుకోదగ్గ విషయం ఒకటి అక్కడ ఉంది. పుస్తకంలో మనిషిని గురించి రాసింది మనం 'క్షీరదాలన్నిటిలో ఇంతే' అని చెప్పేస్తుంటాం. మన బడి గేటు దగ్గర పడుకున్న కుక్క దగ్గరే ఆ మాట తప్పుతుంది.

ముందు పుస్తకంలో ఉన్నదేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే అండాశయంలో అండమాతృకణాలు తయారవుతాయి. మన తెలుగు పుస్తకాల్లో అండాశయాన్ని స్త్రీబీజకోశం అని కూడా రాస్తారు. ఈ కణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టి, మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. ఆ ఆగడం ఒకటి రెండు రోజులు కాదు, ఏళ్ల తరబడి. ఈడు వచ్చాక నెలనెలా మెదడు కింది పీయూష గ్రంథి నుంచి ల్యూటినైజింగ్ హార్మోన్ ఒక్కసారిగా ఉబికి వస్తుంది. అప్పుడు నిద్రపోతున్న అండమాతృకణం లేచి మొదటి విభజన పూర్తి చేసి, అక్కర్లేని సగం క్రోమోజోములను ధ్రువ కణం అనే చిన్న మూటగా కట్టి బయటికి నెడుతుంది. ఆ తర్వాతే అండాశయం నుంచి విడుదలవుతుంది. అంటే మనిషిలోనూ, ఆవులోనూ, ఎలుకలోనూ అండం కొమ్మ మీదే పండి రాలుతుంది. రాలిన వెంటనే శుక్రకణాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మనిషిలో అలా సిద్ధంగా ఉండేది మహా అయితే ఒక రోజు.

కుక్కలో అలా కాదు. హార్మోన్ ఉబికిన రెండు రోజులకు అండం విడుదలైతే అవుతుంది గానీ పచ్చిగానే విడుదలవుతుంది. మొదటి విభజన పూర్తి కాదు, ధ్రువ కణం బయటికి రాదు, కేంద్రకం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ స్థితిలో అండవాహికలో పడిన కణం అక్కడే రెండు మూడు రోజులుండి, ఆగిన విభజనను మళ్లీ మొదలుపెట్టి పండుతుంది. కాయగా కోసి గడ్డిలో మాగవేసిన మామిడిపండు గుర్తొస్తుంది నాకు. ఈ పోలికను తరగతిలో వాడి చూడండి. 'ప్రాథమిక అండమాతృకణ స్థితి' అని పదిసార్లు చెప్పినా దిగనిది ఒక్క మామిడికాయతో దిగుతుంది.

పండిన తర్వాత ఆ అండం మరో రెండు మూడు రోజులు బతికి ఉంటుంది. అంతవరకు మగకుక్క శుక్రకణాలు ఏం చేస్తాయంటే, ఎదురుచూస్తాయి. ఆడకుక్క శరీరంలో అవి వారం దాకా చేవ కోల్పోకుండా ఉండగలవు. అండం ఆలస్యంగా పండుతుంది, శుక్రకణం ఎక్కువకాలం కాచుకుంటుంది, లెక్క కుదిరిపోతుంది. ప్రయోగశాలలో పచ్చి అండాన్ని, శుక్రకణాలను ఒకచోట ఉంచితే కొన్ని శుక్రకణాలు పచ్చి అండంలోకే చొరబడతాయి కూడా. కానీ లోపలికి వెళ్లినంత మాత్రాన పనైపోదు, అండం పండాల్సిందే.

ఏడో తరగతి లెక్క

ఈ ఒక్క విషయం తెలిస్తే కుక్కలు పెంచేవాళ్లను ఎప్పుడూ తికమక పెట్టే ఒక సమస్య విడిపోతుంది. కుక్క చూలు ఎన్ని రోజులు? ఒకరు 58 అంటారు, ఇంకొకరు 70 దాటిందంటారు. జతకట్టిన రోజు నుంచి లెక్కపెడితే 57 నుంచి 72 రోజుల వరకు ఎప్పుడైనా ఈనవచ్చు. అదే హార్మోన్ ఉబికిన రోజు నుంచి లెక్కపెడితే దాదాపు అన్ని కుక్కలూ 65 రోజులకు, ఒక రోజు అటో ఇటో, ఈనేస్తాయి. రెండు వారాల తేడా చూలులో లేదు, మనం లెక్క మొదలుపెట్టిన రోజులో ఉంది.

బల్ల మీద రాసి చూపించండి. అక్టోబర్ 12న హార్మోన్ ఉబికిందనుకుందాం. 14న అండాలు విడుదలయ్యాయి. 16, 17 తేదీల నాటికి పండాయి. ఈ కుక్క 10వ తేదీన ఒకసారి, 18వ తేదీన మరోసారి జతకట్టింది. డిసెంబర్ 16న ఈనింది. మొదటి తేదీ నుంచి లెక్కిస్తే 67 రోజులు, రెండో తేదీ నుంచి 59 రోజులు. పిల్లలు మాత్రం అవే. పదో తేదీ నాటి శుక్రకణాలు ఆరు రోజులు కాచుకుని ఉన్నాయి, పద్దెనిమిదో తేదీవి వెళ్లేసరికి అండాలు పండి ఉన్నాయి. అందుకే ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండడం కూడా కుక్కల్లో జరుగుతుంది. కూడికలు, తీసివేతలు, జీవశాస్త్రం ఒకే పీరియడ్‌లో అయిపోతాయి.

పశువైద్యులు ఈ తికమకను రక్తపరీక్షతో తీరుస్తారు. చాలా జంతువుల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ అండం విడుదలయ్యాక పెరుగుతుంది. కుక్కలో అది విడుదలకు ముందే పెరగడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు రోజులకొకసారి రక్తం తీసి దాని మోతాదు చూస్తే అండం ఎప్పుడు విడుదలైందో తెలిసిపోతుంది, ఈనే తేదీ కూడా తెలుస్తుంది. ఇంట్లో కుక్కను పెంచేవాళ్లు 'రోజులు దాటిపోయాయి, ఆపరేషన్ చేయించేద్దాం' అని కంగారుపడే ముందు ఈ పరీక్ష సంగతి డాక్టరును అడగడం మంచిది. రోజులు నిండకముందే తీసిన పిల్లలు బతకడం కష్టం.

ఇంకో విషయం, ఇది ఆడపిల్లలున్న తరగతుల్లో తప్పకుండా చెప్పాల్సింది. ఎదకు వచ్చిన కుక్కకు రక్తం కనపడుతుంది. దాన్ని చూసి 'కుక్కకు కూడా నెలసరి వస్తుంది' అని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. రెండూ ఒకటి కావు, నిజానికి దిశలు కూడా వేరు. మనిషిలో అండం విడుదలై, ఫలదీకరణ జరగకపోతే, ఆ తర్వాత గర్భాశయపు లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. కుక్కలో అండం విడుదలకు ముందు, ఈస్ట్రోజెన్ ప్రభావంతో గర్భాశయం సిద్ధమవుతుండగా రక్తం కనపడుతుంది. ఒకటి ముగింపు, ఒకటి ప్రారంభం. కుక్కలో ఈ దశ సగటున తొమ్మిది రోజులు ఉంటుంది. అది దాటాకే ఆడకుక్క మగకుక్కను దగ్గరికి రానిస్తుంది.

జతకట్టని కుక్కకు కూడా రెండు నెలల తర్వాత పొదుగు నిండి పాలు రావడం చూసి ఆశ్చర్యపోయినవాళ్లుంటారు. పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయారని జాలిపడతారు. అండం విడుదలైన చోట మిగిలే కార్పస్ లూటియం అనే పసుపుపచ్చని ముద్ద మనిషిలో అయితే చూలు నిలవకపోతే రెండు వారాల్లో ఎండిపోతుంది. కుక్కలో చూలు నిలిచినా నిలవకపోయినా అది రెండు నెలలు పనిచేస్తుంది. దాంతో శరీరం చూలు ఉందనే నమ్మేస్తుంది. కొన్ని కుక్కలు గుడ్డపీలికలు, చెప్పులు పోగేసుకుని వాటికి కాపలా కూడా కాస్తాయి.

ఈ లెక్కలన్నీ మన బడుల భద్రతకు కూడా పనికొస్తాయి. చిత్తకార్తెలో జతకట్టిన కుక్కలు డిసెంబర్ మధ్య నుంచి నెలాఖరు దాకా ఈనుతాయి. పైన చెప్పిన డిసెంబర్ 16 నాటి పిల్లలకు సంక్రాంతి నాటికి నాలుగు వారాలు నిండుతాయి. చిన్నపిల్లలు చూసి ఎత్తుకుందామని వెంటపడే వయసు అదే, తల్లి మీద పడి కరిచే కాలమూ అదే. బడి ప్రహరీ పక్కనో, వంటగది వెనకో కుక్క ఈనితే ఆ నెల రోజులు పిల్లల్ని అటు పోనివ్వకండి. కరిచినా గీరినా పారే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పసుపు, కారం పెట్టవద్దు. సంతానం పెరగకుండా చేసే ఆపరేషన్ విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఆ బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. అందులో భాగంగా రేబిస్ టీకా కూడా వేయాలి. ఆపరేషన్ అయిన కుక్క చెవి కొన కొద్దిగా కత్తిరించి ఉంటుంది. మీ వీధి కుక్కల చెవులు చూడమని పిల్లలకు చెప్పండి, దూరం నుంచే. అడగాల్సింది ఎవరినో, ఎప్పుడో కూడా ఇప్పుడు తెలిసింది కాబట్టి, అర్జీ చిత్తకార్తెకు ముందే పెట్టాలి.

మొదటి అండం కుక్కదే

క్షీరదాలకు అండం ఉంటుందని మనిషి మొదట కళ్లారా చూసింది కుక్కలోనే. 1827లో, అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ అనే శాస్త్రవేత్త, కొద్దిరోజుల క్రితం జతకట్టిన ఒక ఆడకుక్కను కోసి చూశాడు. ఆ కుక్క తన సహచరుడు బుర్డాక్ ఇంట్లో పెరిగినది. అండాశయపు పుటికలో పసుపుపచ్చని చిన్న చుక్క కనిపించింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అదే అండం. అంతకు ముందు పుటికనే అండం అనుకునేవారు. అంతకంటే యాభై ఏళ్ల ముందు, 1780 ప్రాంతంలో, ఇటలీలో స్పాలంజాని అనే మతగురువు, ప్రకృతి శాస్త్రవేత్త, వేడి చేసిన సిరంజితో ఒక ఆడకుక్కకు కృత్రిమ గర్భధారణ చేశాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి. క్షీరదాల్లో కృత్రిమ గర్భధారణ చరిత్ర అక్కడి నుంచే మొదలుపెడతారు.

అండం పచ్చిగా విడుదలయ్యే లక్షణం కుక్క ఒక్కదానిదే కాదు, నక్కలదీనూ. ఇక్కడ మాటల తికమక ఒకటుంది. పొలాల్లో ఊళపెట్టేదాన్ని మనం నక్క అంటాం, అది నిజానికి జాకాల్, కుక్కకు దగ్గరి చుట్టం. తోడేలుకూ, జాకాల్‌కూ, కుక్కకూ క్రోమోజోములు 78. ఇంగ్లిష్ కథల్లోని ఫాక్స్‌కు దగ్గరిది మన గుంటనక్క. శాస్త్రవేత్తలు పరిశీలించింది చలిదేశాల్లోని ఎర్ర నక్కను, ధ్రువ నక్కను. ఎర్ర నక్కకు క్రోమోజోములు 34, పైన కొన్ని చిన్న ముక్కలు. కుక్కకూ దానికీ సంకరం కుదరదని అక్కడే తెలుస్తుంది.

1943లో పియర్సన్, ఎండర్స్ అనే ఇద్దరు అమెరికన్లు నక్కలో అండం విడుదల, పక్వత, ఫలదీకరణల మీద ఒక పత్రం ప్రచురించారు. మొదటి ధ్రువ కణం బయటికి రాకముందే నక్క అండం విడుదలవుతుందని అందులో చూపించారు. తర్వాత నార్వే వాళ్లు ధ్రువ నక్కల్లో ఈ పని కొనసాగించారు. వాళ్లకు ఇంత శ్రద్ధ ఎందుకంటే జంతుప్రేమ వల్ల కాదు, బొచ్చు కోసం. నక్కలు ఏడాదికి ఒక్కసారే, చలికాలం చివర, రెండు మూడు రోజులు మాత్రమే మగదాన్ని రానిస్తాయి. ఆ రోజు తప్పితే ఏడాది పోయినట్టే. అందుకని స్కాండినేవియాలోని నక్కల ఫారాల్లో యోనిలో ఒక సన్నని కడ్డీ పెట్టి విద్యుత్ నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచేవారు. అది పెరిగి పెరిగి హఠాత్తుగా పడిపోతే అండం విడుదలకు వేళయినట్టు. ఓమ్ నియమం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఎవరూ వాడరెందుకో! నార్వే పార్లమెంటు 2019లో ఆ ఫారాలను మూసెయ్యాలని చట్టం చేసింది. బొచ్చు వ్యాపారం పోయింది, దాని పుణ్యమా అని పోగైన జ్ఞానం మాత్రం మిగిలింది.

ప్రయోగశాలను ఏడిపించిన అండం

తొలి అండం కుక్కలో దొరికినా, పరీక్షనాళికలో ఫలదీకరణ చేయడానికి కుక్క అందరికంటే మొండికేసింది. 1978 జులైలో ఇంగ్లండ్‌లో లూయీస్ బ్రౌన్, అదే ఏడాది అక్టోబర్‌లో కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ పుట్టారు. కుక్కపిల్లలు అలా పుట్టడానికి 2015 దాకా పట్టింది. ముప్పై ఏడేళ్లు!

కారణం మనం పైన చెప్పుకున్నదే. ఆవు అండాశయం నుంచి పచ్చి అండాలు తీసి గాజుపాత్రలో ఉంచితే నూటికి ఎనభై దాకా పండుతాయి. కుక్క అండాలు ఇరవై కూడా పండడం కష్టం. అండవాహిక లోపల ఆ రెండు మూడు రోజుల్లో అందేదేదో గాజుపాత్ర ఇవ్వలేకపోయింది. పైగా కుక్క అండం నిండా కొవ్వు. నల్లగా, మసకగా ఉంటుంది. రంగు వేయకుండా లోపలి కేంద్రకం కనపడదు కాబట్టి ఏది పండింది, ఏది పండలేదు అని చూసి చెప్పడమూ కష్టమే.

2005 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని సియోల్ నేషనల్ యూనివర్సిటీలో తొలి క్లోనింగ్ కుక్క స్నప్పీ పుట్టింది. గాజుపాత్రతో పని జరగదని వాళ్లు కుక్కల అండవాహికల్లోనే పండిన అండాలను కడిగి తీసుకున్నారు. 1,095 పిండాలను 123 ఆడకుక్కల్లో పెడితే రెండే పిల్లలు పుట్టాయి. వాటిలో ఒకటి మూడు వారాలకు చనిపోయింది. ఆ బృందం నాయకుడు హ్వాంగ్ వూ సుక్ మానవ మూలకణాల మీద చెప్పుకున్న ఫలితాలు తర్వాత బూటకమని తేలాయి. స్నప్పీ మాత్రం నిజమేనని పరీక్షల్లో రుజువైంది. పోల్చి చూడండి, మన కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లోనే గేదెదూడను క్లోనింగ్ చేసింది. అక్కడ అండాలను గాజుపాత్రలో పండించుకునే వీలుంది.

చివరికి 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం, స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్తలు కుక్కల్లో ఫలదీకరణ సాధించారు. వాళ్లు చేసిన రెండు మార్పులు వినడానికి చాలా చిన్నవి. హార్మోన్ ఉబికిన ఐదో రోజున కాకుండా ఆరో రోజున అండవాహిక నుంచి అండాలు తీశారు. అంటే ఇంకొక్క రోజు మాగనిచ్చారు. శుక్రకణాలను ఉంచిన ద్రవంలో మెగ్నీషియం కలిపారు. 19 పిండాలను ఒక ఆడకుక్కలో పెడితే ఏడు పిల్లలు పుట్టాయి. ఆ పిల్లల్లో బీగిల్ జాతివి ఐదు, బీగిల్ తల్లికీ కాకర్ స్పానియల్ తండ్రికీ పుట్టినవి రెండు.

పాఠం చెప్పేటప్పుడు పదాల చిక్కు మన బడుల్లో ఎక్కువ. కన్నడ మీడియం స్నేహితుడు 'అండాణు' అంటాడు, తమిళ మీడియం పిల్ల 'కరుముట్టై' అంటుంది, మన పుస్తకంలో ఒక పేజీలో స్త్రీబీజకణం, ఇంకో పేజీలో అండం. మన 'ఫలదీకరణ' కన్నడంలో 'ఫలీకరణ'. నా ఉద్దేశంలో ఇది నష్టం కాదు. రెండు భాషల మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే 'కరు' అంటే పిండమనీ, 'ముట్టై' అంటే గుడ్డనీ పిల్లలే విడదీసి చెబుతారు. సిగ్గుపడి ఇంగ్లిష్ మాటల చాటుకు పోయే టీచర్లకంటే ఇది మేలు. పశువుల గురించి 'ఎద', 'చూలు', 'ఈత' అని ఇంట్లో మామూలుగా మాట్లాడుకునే పిల్లలు బడిలో అవే సంగతులకు తల దించుకోవడం చూస్తుంటాం. కుక్కతో మొదలుపెడితే ఆ తల కాస్త లేస్తుంది.

ఈ పరిశోధన అంతా ఎందుకని అడిగే పిల్లలకు రేసుకుక్కను చూపించవచ్చు. పడమటి కనుమల్లోనూ మధ్య భారతపు అడవుల్లోనూ గుంపుగా వేటాడే ఎర్రని అడవికుక్క అది, ధోల్ అని కూడా అంటారు. దానికీ క్రోమోజోములు 78. ప్రపంచం మొత్తం మీద సంతానం కనగల ధోల్‌లు 949 నుంచి 2,215 వరకు ఉంటాయని 2015 నాటి అంచనా. విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో వీటి సంరక్షణ ప్రజనన కేంద్రం ఉంది. బీగిల్ కుక్క రోజూ కాలు చాపి రక్తం ఇస్తుంది గానీ మనిషి అలికిడికే పొదలో దూరే ధోల్ ఇవ్వదు. అందుకే అడవిజంతువుల విషయంలో అవి వేసిన మలాన్ని ఏరి తెచ్చి, అందులో మిగిలిన హార్మోన్ ఆనవాళ్లను కొలుస్తారు. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల జంతువులను ముట్టుకోకుండా హార్మోన్లు కొలిచే ఇలాంటి పద్ధతుల మీద పనిచేస్తోంది. ప్రొజెస్టిరాన్ ఆనవాళ్లు ఎప్పుడు పెరిగాయో తెలిస్తే, అండం ఎప్పుడు విడుదలైందో, ఎప్పటికి మాగుతుందో అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకోవచ్చు.